ఫిట్స్ వస్తే బాగుణ్ణు అనిపించే వార్డు

ఈ నెల ఉత్తరాలన్నీ దాదాపుగా వీడియో ఈఈజీ గురించే. మూర్ఛ ఉన్న పిల్లలకు ఆపరేషన్ పనికొస్తుందో లేదో తేల్చడానికి, కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉంచి, తలకు వైర్లు అతికించి, రాత్రింబవళ్లు కెమెరాతో కనిపెట్టే పరీక్ష అది. నేను డాక్టర్‌ని కాను. ఆ వైర్లు అతికించే టెక్నాలజిస్టుని. హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో ఏళ్ల తరబడి ఇదే నా పని. పిల్లలు నన్ను 'కట్టు ఆంటీ' అంటారు. ఏ మందు వాడాలి, ఎంత వాడాలి అని నన్ను అడగొద్దు, చెప్పను. ఆ గదిలో ఏం జరుగుతుందో మాత్రం ఎంతైనా చెబుతాను.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. మూడో ఏట నుంచీ ఫిట్స్. రెండు రకాల మందులు వాడినా తగ్గలేదు. మూడుసార్లు ఈఈజీ తీస్తే రెండుసార్లు నార్మల్ అనే వచ్చింది. ఇప్పుడు నాలుగైదు రోజులు అడ్మిట్ చేసి వీడియో ఈఈజీ చేయాలంటున్నారు. మళ్లీ అదే పరీక్ష ఎందుకండీ? అన్ని రోజులు తలకు కరెంటు పెడితే పిల్లకు ఏమీ కాదా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు కరెంటు సంగతి. మేం పెట్టేదేమీ ఉండదమ్మా. మెదడులో సహజంగా పుట్టే విద్యుత్తునే చర్మం మీంచి పట్టుకుని రాసుకుంటాం. అది వోల్టులో పది లక్షల వంతుల లెక్కన కొలవాల్సినంత చిన్నది. 1924లో జర్మనీలోని జెనాలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు మొదటిసారి మనిషి తలమీంచి ఆ తరంగాలు తీశాడు. తర్వాత తన కొడుకు క్లౌస్ తలమీద కూడా తీసి చూసుకున్నాడు. ప్రమాదమని అనుమానముంటే కన్నకొడుకుని కూర్చోబెట్టి ఉండడు కదా.

మామూలు ఈఈజీ ఇరవై నిమిషాలో అరగంటో తీస్తారు. ఆ అరగంటలో పాపకు ఫిట్ రాలేదు. ఫిట్‌కీ ఫిట్‌కీ మధ్య చాలామంది పిల్లల తరంగాలు మామూలుగానే కనిపిస్తాయి. అందుకే నార్మల్ అని రాశారు, అందులో తప్పేమీ లేదు. సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, మూడోదో నాలుగోదో పనిచేసే అవకాశం బాగా తగ్గిపోతుంది. అప్పుడే ఆపరేషన్ మాట వస్తుంది. ఆపరేషన్ అంటే మెదడులో ఏ చోటు నుంచి ఫిట్ మొదలవుతోందో కచ్చితంగా తెలియాలి. గదంతా పొగ కమ్మాక చూస్తే ఏ మూల అంటుకుందో చెప్పలేం, అంటుకున్న క్షణంలోనే అక్కడ ఉండాలి. అందుకే ఫిట్ వచ్చేదాకా కాచుకుని కూర్చుంటాం.

వైర్లు పెట్టడానికి గంట పడుతుంది, పాప ఏడిస్తే ఇంకా ఎక్కువ. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా టేపుతో కొలుస్తాను. ఆ దూరాల్లో పదో వంతు, ఐదో వంతు చొప్పున ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెడతాను. ఏ ఊళ్లో ఏ టెక్నాలజిస్టు పెట్టినా వైరు అదే చోట పడాలని 1958 నుంచీ ప్రపంచమంతా ఇదే కొలత. గుర్తు పెట్టిన చోట గరుకు జెల్‌తో రుద్దుతాను. పిల్లలు గోల చేసేది అప్పుడే. తర్వాత పేస్టు పెట్టి, చిన్న గిన్నెలాంటి ఎలక్ట్రోడు అతికించి, అన్నీ అయ్యాక తలంతా కట్టు కడతాను. సూది గుచ్చడం ఉండదు, తల గొరగడం ఉండదు.

ఇక వీడియో ఎందుకంటారా? ఒకసారి పసిబాబు రికార్డింగులో సమానమైన తాళంతో పెద్ద పెద్ద తరంగాలు వచ్చాయి. తరంగాలే చూస్తే ఎవరైనా ఫిట్ అనే అంటారు. వీడియో పెట్టి చూస్తే వాళ్లమ్మ బాబును భుజాన వేసుకుని జోకొడుతోంది. ఆ చేతి దెబ్బలే తెరమీద తరంగాలయ్యాయి. జంతికలు నమిలినా అంతే, దవడ కండరాలు గీతలన్నీ నల్లగా నింపేస్తాయి. దీనికి తిరగేసిన సంగతీ ఉంది. పాప ఉత్తినే గుటక వేసినట్టు, చొక్కా అంచు నలిపినట్టు మాత్రమే వీడియోలో కనిపిస్తుంది, అదే సెకనులో తరంగాలు ఫిట్ అని చెబుతాయి. రెండింటినీ ఒకే గడియారానికి కట్టి పక్కపక్కన చూడటమే ఈ పరీక్ష.

ప్రశ్న: మా పోరడికి పదకొండేండ్లు. ఇన్నేండ్లల్ల ఒక్క పూట గోలీ తప్పలేదు మేడం. ఇప్పుడు దవాఖానల చేర్చుకొని గోలీలు తగ్గిస్తరంట, ఫిట్స్ రావాల్నంట. ఇదేం లెక్క? అట్ల తగ్గించేదే ఉంటే మేమే ఇంటికాడ నాలుగు రోజుల ముందుగాల బంద్ చేసి వస్తే బెడ్ చార్జీలన్న మిగుల్తయి గద?
— ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: వద్దన్నా. ఈ ఉత్తరం చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంట్లో ఒక్క గోలీ కూడా తగ్గించకండి.

ఆస్పత్రిలో తగ్గించేటప్పుడు చేతికి క్యాన్యులా పెట్టి ఉంచుతాం. మంచానికి రెండు వైపులా మెత్త కట్టిన కమ్మీలుంటాయి. పక్కనే ఆక్సిజన్, ఫిట్ ఆపే మిడజోలమ్ ఉంటాయి. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా వెంటనే ఆపుతారు. ఇంట్లోనే మానేసి బయల్దేరితే, ఆ ఫిట్ వచ్చే వేళకు మీరు బహుశా బస్సులో ఉంటారు. గార్డినాల్, ఫ్రిజియం లాంటివి ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఏది, ఎంత, ఏ రోజు తగ్గించాలో లెక్క వేసేది డాక్టరే. రోజూ ఫిట్స్ వచ్చే పిల్లలకైతే అసలు తగ్గించరు కూడా.

ఇంకో మాట. మందు హఠాత్తుగా మానేసినందుకు వచ్చే ఫిట్ బాబుకు మామూలుగా వచ్చేలాంటిది కాకపోవచ్చు. క్షణాల్లో మెదడంతా పాకేస్తుంది, ఎక్కడ మొదలైందో అంతుపట్టదు. మిగిలిన బెడ్ చార్జీలు అటు పోయి, పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. ఖర్చు భయమైతే, అడ్మిషన్ తేదీ తీసుకునే ముందే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని మీ కార్డు మీద ఏది వస్తుందో ఏది రాదో కాగితం మీద రాయించుకోండి.

ఏళ్ల తరబడి ఫిట్ రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్న మనుషులు, మా వార్డులో రెండో రోజుకే "ఇంకా రాలేదేంటి మేడం" అని గడియారం చూస్తుంటారు. ఆ మాట అనగానే కొందరు తల్లులు నాలుక కరుచుకుంటారు. ఏం ఫర్వాలేదు. మేమూ దానికోసమే కూర్చున్నాం.

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయీ కోడలూ పగలు ఉంటారు, రాత్రిళ్లు మనవడి దగ్గర నేనుండాలట. మూర్ఛ వచ్చినప్పుడు నేనేం చెయ్యాలండీ? మా ఊళ్లో తాళాలగుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. అక్కడ అవి పెట్టనిస్తారా అండీ?
— ఒక తాతగారు, రావులపాలెం

జవాబు: తాతగారూ, తాళాలగుత్తి ఇంట్లోనే వదిలేసి రండి. పిల్లల్లో చాలావరకు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. ఆ సమయానికి చేతిలో ఏముంటే ఆ ఘనత దానికి దక్కుతుంది. పైగా గుత్తి పెట్టడానికి మీరు ఆ చెయ్యి పట్టుకున్నారంటే, ఆ చెయ్యి తనంతట తాను ఏం చేస్తుందో మాకు కనబడదు. మాకు కావలసింది సరిగ్గా అదే.

ఒక చెయ్యి చాచుకుపోయి రెండోది ముడుచుకుందా, తల ఏ వైపు తిరిగింది, పెదవులు చప్పరించాడా, మాట పడిపోయిందా, లేక ఫిట్ నడుస్తుండగానే మాట్లాడాడా, ఒక్కోటీ మెదడులో ఒక్కో చోటును చూపిస్తుంది. కొందరు పిల్లలు ఫిట్ అయిపోయాక ముక్కు తుడుచుకుంటారు. చూసేవాళ్లకు అదేం లెక్కలోకి రాదు. మా డాక్టరుగారు మాత్రం అక్కడ వీడియో ఆపి, ఏ చేత్తో తుడుచుకున్నాడో వెనక్కి తిప్పి తిప్పి చూస్తారు. మెదడులో కణతల వైపు భాగంలో (టెంపోరల్ లోబ్) పుట్టే ఫిట్స్‌లో చాలాసార్లు ఆ చెయ్యి ఏ వైపుదో జబ్బు కూడా ఆ వైపే ఉంటుంది.

మీ పని తేలికే. మంచం పక్కన ఒక బటన్ వేలాడుతుంటుంది. ఫిట్ అని అనుమానం వచ్చిన వెంటనే నొక్కండి. ఉత్తుత్తి అనుమానమైనా నొక్కండి, ఎవరూ ఏమీ అనరు. దుప్పటి లాగేయండి, లైటు వేయండి. కెమెరాకూ బాబుకూ మధ్య నిలబడకండి. మనవడి మీద పడి కావలించుకోవాలనిపిస్తుంది. ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మీ వీపు ఒక్కటే రికార్డయిన ఫిట్స్ మా దగ్గర బోలెడున్నాయి. నోట్లో వేలు గానీ చెంచా గానీ నీళ్లు గానీ పెట్టొద్దు. ఇంతలో నర్సు పరుగున వస్తుంది. "నీ పేరేంటి? రెండు చేతులూ ఎత్తు. అరటిపండు అని గుర్తుపెట్టుకో" అంటుంది. అయిపోయాక "ఏం గుర్తుపెట్టుకోమన్నాను?" అని అడుగుతుంది. అప్పుడు మీరు పక్కనుంచి "అరటిపండురా నాన్నా" అని అందించకండి! బాబుకు ఆ సమయంలో తెలివి ఉందా లేదా అని చూడటానికి ఆ ప్రశ్న.

ఒక్కటి మాత్రం మీరే చెప్పగలరు. బటన్ నొక్కకముందు, తొలి రెండు మూడు సెకన్లలో మీకు ఏం తేడాగా అనిపించింది? చూపు నిలిచిపోయిందా, మీ దగ్గరికి జరిగాడా, కడుపులో ఏదోలా ఉంది అన్నాడా? అది మీ నోటి మాటల్లోనే నర్సుకు చెప్పండి.

ప్రశ్న: మా బాబు రాత్రి నిద్రలో కేక పెట్టి లేస్తాడు, కాళ్లు టపటపా కొట్టుకుంటాడు, అర నిమిషంలో మళ్లీ పడుకుంటాడు. ఒక్కో రాత్రి ఐదారు సార్లు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒక డాక్టరు పీడకలలన్నారు, ఇంకొకరు వీడియో ఈఈజీ అన్నారు. ఎవరి మాట వినాలి?
— పార్వతీపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చూడకుండా నేను చెప్పలేనమ్మా. మీరు రాసిన వాటిలో మూడు సంగతులు మాత్రం వీడియో ఈఈజీ అన్న డాక్టరు మాట వినమంటున్నాయి: ప్రతిసారీ ఒకేలా ఉండటం, అర నిమిషంలో ముగియడం, ఒక రాత్రిలో అన్నిసార్లు రావడం. నుదుటి వెనక భాగంలో పుట్టే ఫిట్స్ తరచూ ఇలా నిద్రలోనే వస్తాయి. పీడకలలు సాధారణంగా రాత్రికి ఒకటో రెండో వస్తాయి, ఎక్కువసేపు ఉంటాయి, ఒకసారికీ ఇంకోసారికీ పోలిక ఉండదు. ఈ రెంటినీ విడదీయడానికే వీడియో ఈఈజీ. తాయెత్తు ఉండనివ్వండి, దానివల్ల మాకేం అడ్డం లేదు. పరీక్ష వాయిదా వేయకండి, అంతే.

ప్రశ్న: ఇంట్లో వారానికి నాలుగైదు ఫిట్స్ వచ్చే మా పాపకు, ఆస్పత్రిలో నాలుగు రోజులూ ఒక్కటీ రాలేదు. డబ్బు దండగయింది. ఇంటికొచ్చిన మర్నాడే వచ్చింది. ఇది ఎవరి తప్పు?
— ఒక తల్లి, వరంగల్

జవాబు: ఎవరిదీ కాదు. మా వార్డులో ఇది చాలా మామూలు. కొత్త చోటు, బడి లేదు, పరుగులు లేవు, అమ్మ ఇరవై నాలుగు గంటలూ పక్కనే. ఫిట్ కూడా మొహం చాటేస్తుంది. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లవారుజామున లేపడం లాంటివి చేస్తాం, ఒక్కోసారి దానికీ లొంగదు.

పూర్తి దండగ మాత్రం కాదు. నాలుగు రాత్రుల నిద్ర తరంగాలున్నాయి. ఫిట్ రాకపోయినా, నిద్రలో ఒకే చోట పదేపదే మొనదేలిన తరంగాలు వచ్చి ఉంటే డాక్టర్లకు అదీ పనికొచ్చేదే. రిపోర్టులో అదేమైనా రాశారా అని అడగండి. ఈలోగా ఇంట్లో వచ్చే ఫిట్స్‌ని ఫోన్‌లో తీసి పెట్టండి. ముఖం ఒక్కటే తీయకుండా కాళ్లూ చేతులూ అన్నీ పడేలా, లైటు వేసి, అయిపోయాక కూడా ఇంకో రెండు నిమిషాలు తీయండి. ఆ వీడియో డాక్టరుకు చూపించడానికి, చుట్టాల వాట్సాప్ గ్రూపుకి కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఇక్కడే పుట్టింది. ఎంఆర్‌ఐలో ఏమీ కనబడలేదు. వీడియో ఈఈజీలో కుడి పక్కనుంచి అని తేలింది గానీ చోటు తేలలేదు. ఇప్పుడు పుర్రెకు రంధ్రాలు పెట్టి మెదడు లోపలికే ఎలక్ట్రోడ్లు దించుతామంటున్నారు. అది లేకుండా కుదరదా?
— ఒక తండ్రి, డాలస్

జవాబు: ముందు పెట్ స్కాన్, ఫిట్ నడుస్తుండగా ఇంజక్షన్ ఇచ్చి తీసే స్పెక్ట్ స్కాన్ లాంటివి అయ్యాయా అని అడగండి. ఆ స్పెక్ట్ కోసం నర్సు మందు పట్టుకుని మంచం పక్కనే కాపలా ఉంటుంది. ఫిట్ మొదలైన కొన్ని సెకన్లలోనే ఎక్కించాలి. ఇవన్నీ అయినా చోటు తేలకపోతే మీవాళ్లు చెప్పిందే తర్వాతి మెట్టు. పారిస్‌లో సెయింట్ ఆన్ ఆస్పత్రి డాక్టర్లు తలైరాక్, బాంకో ఇద్దరూ దీన్ని మొదలుపెట్టి అరవై ఏళ్లు దాటింది. మత్తు ఇచ్చి, సన్నటి రంధ్రాల్లోంచి పుల్లల్లాంటి ఎలక్ట్రోడ్లు దించి, మళ్లీ కొన్ని రోజులు వీడియో ఈఈజీయే తీస్తారు. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది. మీ ఆస్పత్రిలో అది ఎంతో సూటిగా అడగండి, చెప్పాల్సిన బాధ్యత వాళ్లది.

మీలాంటి వాళ్లకు ఒక సలహా. పాప ఇంట్లో తెలుగు మాట్లాడుతుందని, బడిలో ఇంగ్లీషని టీమ్‌కు ముందే చెప్పండి. మెదడులో మాట ఎక్కడుందో వెతికే పరీక్షలు చేసినప్పుడు రెండు భాషల్లోనూ చేయమనండి. "ఇక్కడే పుట్టింది కదా, ఇంగ్లీషు చాలు" అని మొహమాటపడి వదిలేయకండి. రేపు అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడాల్సింది తెలుగులోనేగా.

ప్రశ్న: మా పాపకు పదమూడేళ్లు. వీడియో ఈఈజీ అయింది, ఆపరేషన్‌కు పనికొస్తుందన్నారు. మా అన్నదమ్ములు పెళ్లయ్యాక చూద్దామంటున్నారు. మూర్ఛ అని ఆస్పత్రి రికార్డులో ఎక్కితే సంబంధాలు రావని, చట్టం ప్రకారం పెళ్లి కూడా చెల్లదని భయపెడుతున్నారు.
— ఒక తండ్రి, అనంతపురం

జవాబు: చట్టం మాట పాతది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అడ్డంకిగా చెప్పే మాట ఒకప్పుడు ఉండేది. 1999లో సవరణ చేసి తీసేశారు. మీ అన్నదమ్ములు అంతకు ముందే ఎక్కడో విని ఉంటారు. మీ పాప వీడియో కూడా వైద్యులు చూసేదే తప్ప బయటికిచ్చేది కాదు.

పెళ్లయ్యాక అనే మాట నాకు మింగుడు పడలేదు. అంటే ఇంకో ఎనిమిదేళ్లో పదేళ్లో పాప బడిలో, బాత్రూంలో, రోడ్డుమీద పడిపోతూనే ఉండాలా? ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మందులకు లొంగని 116 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, 57 మందికి ఆపరేషన్ చేశారు. మిగతా 59 మందికి మందులే కొనసాగించారు. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 77 మందికి ఫిట్స్ లేవు, మందులే వాడినవాళ్లలో నూటికి 7 మందికి. రెండో వైపు కూడా చెప్పాలి. ఆపరేషన్ అయిన పిల్లల్లో మూడో వంతు మందికి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి, ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడటం లాంటివి. వాటిలో చాలావరకు ఏ ఆపరేషన్‌కు ఏమవుతుందో ముందే తెలిసి చేసినవి. మీ పాపకు ఏ చోట, ఎంత భాగం తీస్తారు, దానివల్ల ఏం పోవచ్చు? అన్నదమ్ములనూ వెంటబెట్టుకుని వెళ్లి సర్జన్‌ని ఈ ప్రశ్న అడగండి. ఇంకో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీ చిత్ర ఉన్నాయి. రికార్డింగు కాపీ పెన్ డ్రైవ్‌లో అడిగి తీసుకెళ్లండి, ఉత్త రిపోర్టు చాలదు.

ప్రశ్న: మా మనవనికి వచ్చే నెల తలకు వైర్లు పెడతారంట. తిరుమల కొండకు తలనీలాల మొక్కు ఉండాది. పరీక్షకు ముందే ఇయ్యొచ్చునా, అయినాక ఇయ్యాల్నా?
— ఒక అవ్వ, రాయచోటి

జవాబు: ముందే ఇచ్చి రండవ్వా, నాకూ పని తేలికవుతుంది. గుండు మీద వైరు చక్కగా కూర్చుంటుంది. కాకపోతే అడ్మిషన్‌కు వారం రోజుల ముందే ఇచ్చేయండి. కత్తి గాట్లు పచ్చిగా ఉంటే నేను రుద్దే జెల్ మండుతుంది. గంధం పూర్తిగా కడిగేసి తీసుకురండి. కొండమీద లైనులో ఎంతసేపు పడుతుందో తెలియదు కాబట్టి మందులు లగేజీలో వేయకుండా మీ చేతిసంచీలో పెట్టుకోండి, వేళకు వేయండి. నిద్ర చెడితే ఫిట్స్ వస్తాయి, అలిపిరి నుంచి రాత్రంతా నడక వద్దు.

కొండకు పోవడం కుదరకపోతే, ముందు రోజు షాంపూతో తలస్నానం చేయించండి. నూనె చుక్క కూడా వద్దు, పేస్టు అతుక్కోదు. చొక్కాలు ముందు గుండీలున్నవే తెండి, తలమీంచి తొడిగేవి ఆ కట్టు మీంచి దూరవు.